మిరపకాయలు అందరివీ, చాకిరీ నాదీ: కూలి అడగొచ్చా?

మూడో ఫ్లోర్ వదిన:

అందరికీ నమస్కారం. అడగాల్సింది ఒక్క ముక్కే, కానీ ముందు కథంతా చెప్పకపోతే మీకు అర్థం కాదు. ఓపిక పట్టండి.

మాది హైదరాబాద్ నిజాంపేట. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటు, ఇరవై ఫ్లాట్లు. పుట్టిల్లు గుంటూరు పక్కన పల్లెటూరు. పెళ్ళయ్యాక పదిహేనేళ్ళ పాటు కారం కొన్న పాపాన పోలేదు, ఏటా అమ్మే పంపేది. అమ్మ మోకాళ్ళు మొరాయించాక, తమ్ముడితో చెప్పి ఒక టిక్కీ మిరపకాయలు వేయించుకుని ఇక్కడే మర పట్టిస్తున్నాను. టిక్కీ అంటే తెలియనివాళ్ళకి: కాయల్ని కాలితో తొక్కి కుట్టిన గోనె బస్తా, నలభై కిలోలు అటూ ఇటూగా ఉంటుంది. మా నలుగురికి ఆవకాయతో కలిపినా ఏడాదికి ఏడు కిలోల కారం చాలు. మిగతాది ఏం చేసుకోను? అలా ఎదురింటి అక్కని, కింద ఫ్లోర్ వాళ్ళని, మా ఆడపడుచుని, ఆఫీసులో ఇద్దర్ని కలుపుకున్నాను. మొదటి ఏడాది నాలుగిళ్ళు. పోయినేడాదికి ఎనిమిదిళ్ళు, రెండు టిక్కీలు. ఒకటి తేజ రకం, ఘాటు కోసం. ఇంకోటి బ్యాడిగి, రంగు కోసం.

ఇప్పుడు లెక్క. కాయలకి రెండు టిక్కీలూ కలిపి 12,000. లారీ పార్సిలు, హమాలీ 900. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి ఇంటికి ఆటో 350. మర ఆడించడానికి కిలోకి 30. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, ఎనభై కిలోలు వస్తున్నాయి కదా అని మొత్తం ఖర్చుని ఎనభైతో భాగించి, "కారం కిలో 200" అని గ్రూపులో ముందే పెట్టేశాను.

తొడిమలు తీసి, తాలు కాయలు ఏరేసి, రెండెండలు పెట్టాక మరకి వెళ్ళినవి 72 కిలోలు. ఇంటికి తిరిగొచ్చిన కారం 71. మర డబ్బులు 2,160 కలిపి మొత్తం ఖర్చు 15,410. అంటే కిలో 217 పడింది. 200 లెక్కన, నా వాటా కూడా కలిపి, 71 కిలోలకి 14,200. తేడా 1,210 నా చేతిచమురు. మా వీధి సూపర్‌మార్కెట్లో కిలో ప్యాకెట్ నాలుగొందల పైమాటే, 217 అన్నా ఎవరికీ నష్టం లేదు. కానీ ఒక మాట చెప్పేశాక మళ్ళీ ఎలా మార్చను? మొహమాటం. ఊరుకున్నాను.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ తొడిమలున్నాయే! నాలుగు మధ్యాహ్నాలు మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో నేను, మా పనమ్మాయి. చేతులకి కొబ్బరినూనె పట్టించుకునే కూర్చున్నాం. అయినా మూడో రోజుకి గోళ్ళ సందుల్లో మంట మొదలైంది. చల్లటి మజ్జిగ గిన్నెలో వేళ్ళు ముంచుకుని సీరియల్ చూశాను. కన్ను దురద పెడితే మా అబ్బాయిని పిలిచి, వాడి టీషర్టు అంచుతో తుడిపించుకున్నాను. ఆ ఎనిమిదిళ్ళలో ఒక్కరు పైకొచ్చి "ఏమైనా సాయం చెయ్యనా" అనలేదు. రోజూ బట్టలారేయడానికి వచ్చేవాళ్ళే, దగ్గుకుంటూ కిందికి పోయేవాళ్ళు.

అసలు మనసు విరిగింది పంచేటప్పుడు. ఒకావిడ సంచి అందుకుంటూ, "తూకం సరిగ్గానే ఉందిగా వదినా?" అంది. నవ్వుతూనే అందిలెండి. ఇంకొకరు ఆరు కిలోలు కావాలని రాయించుకుని, తీరా వచ్చాక "మా అత్తగారు ఊర్నుంచి తెచ్చేశారు, ఏమీ అనుకోకు" అన్నారు. ఆ ఆరు కిలోలూ ఇంగువ ముక్కలు వేసి జాడీలో పెట్టాను. ఇప్పటికీ ఉంది.

మళ్ళీ సీజన్ వచ్చింది. "ఈసారి ఎప్పుడు వదినా?" అని అందరూ అడుగుతున్నారు, ఆ ఆరు కిలోలావిడతో సహా. మా ఆయనేమో, "కిలోకి పాతిక వేసుకుని చెప్పు, ఎవరడుగుతారు" అంటారు. దొంగచాటుగా వేసుకోవడం నాకు ఇష్టం లేదు. అలాగని ఊరికే చెయ్యడానికీ ఈసారి మనసొప్పడం లేదు. బయటపెట్టి కూలి అడగొచ్చా? అడిగితే వ్యాపారం చేస్తోందంటారా? మీ దగ్గర ఇలా కలిసి కొనేవాళ్ళు ఏం చేస్తారు?

తెనాలి మాస్టారు:

అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. మా బావమరిదికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉండేది. అందుకని రెండు ముక్కలు చెబుతాను.

మీకు వచ్చిన తరుగు పదో వంతు. అదేం ఎక్కువ కాదు. టిక్కీ తొక్కేటప్పుడు కాయ విరక్కుండా కాస్త మెత్తగా ఉండగానే తొక్కుతారు. ఆ తేమకీ, తొడిమకీ కూడా మీరు కాయ ధరే కట్టారు. అందుకని ఎప్పుడైనా లెక్క కట్టాల్సింది కారం మీద, కాయ మీద కాదు. ఎనభైకి డెబ్బై అనుకుని ధర చెప్పండి, మిగిలితే అందరికీ తిరిగి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఉండే మర్యాద, అడిగేటప్పుడు ఉండదు.

ఇంకో సంగతి. మీ తమ్ముణ్ణి ఏ సరుకు వేయించాడో అడగండి. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసినదాన్ని ఏసీ సరుకు అంటారు. దానికి రంగు నిలుస్తుంది గానీ చేతికి మెత్తగా తగులుతుంది, ఎండ ఎక్కువ కావాలి. కల్లం నుంచి నేరుగా వచ్చిన కాయ గుప్పెట్లో పట్టి ఊపితే గింజ గలగలమంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త కాయ బాగా దిగుతుంది. మే వస్తే యార్డుకి వేసవి సెలవులు. మనబోటివాళ్ళు యార్డులోకి వెళ్ళి ఒక టిక్కీ ఇమ్మంటే ఇవ్వరు, తెలిసిన కొట్టు ద్వారానో రైతు ద్వారానో తెచ్చుకోవాలి. ఆ తెలిసిన మనిషి మీ తమ్ముడు. ఆయన చాకిరీ మీ లెక్కలో ఎక్కడా కనిపించలేదు, గమనించారా?

కూలి మాటకొస్తే, నన్నడిగితే తీసుకోవద్దంటాను. ఊరికే చేసినప్పుడే తూకం అడిగినావిడ, డబ్బు తీసుకుంటే బిల్లు అడుగుతుంది. అప్పుడు ఆవిడ అడగడంలో తప్పూ ఉండదు. దాని బదులు, తొడిమలు తీయడానికి ఇంటికొక మనిషి రావాలని షరతు పెట్టండి. రానివాళ్ళకి కాయలే ఇచ్చేయండి, వాళ్ళ తొడిమలు వాళ్ళే తీసుకుంటారు.

మానేరు తమ్ముడు:

అక్కా, మాది కరీంనగర్ దిక్కు పల్లె. కలిసి కొనుడు మాకు కొత్త కాదు. దసరా వచ్చిందంటే ఎనిమిదిళ్ళో పదిళ్ళో కలిసి ఒక యాటను, అంటే మేకనో గొర్రెనో, తెస్తారు. కోసి, ఇంటికొక పోగు చొప్పున తాటాకు చాప మీద పోగులు వేస్తారు. ఇక్కడ తూకంరాయి, కాటా ఏదీ ఉండదు. ప్రతి పోగులో ఇంత బొక్క, ఇంత మెత్తది, చిటికెడు కార్జం, నాలుగు బోటి ముక్కలు పడాలి. వేసేటాయన వంగి ఒకదాంట్లోంచి ముక్క తీసి ఇంకోదాంట్లో వేస్తుంటే, చుట్టూ కూసున్నోళ్ళు "ఆ మూలది చిన్నగుంది" అని ఒక్కటే లొల్లి.

అందరూ సరేనన్నాక తమాషా ఉంటది. ఇంటికొక గుర్తు ఇస్తారు: ఒకరు వేపాకు, ఒకరు చిన్న రాయి, ఒకరు అగ్గిపుల్ల, మా తాత ఎప్పుడూ బీడీ ముక్క. అవన్నీ అటు తిరిగి నిలబడ్డ చిన్నపిల్లగాని చేతిల పెడతారు. వాడొచ్చి పోగుకొకటి పెట్టుకుంట పోతాడు. ఏ పోగు మీద ఎవరి గుర్తు పడితే అది వాళ్ళది. ఇగ మాట్లాడేది లేదు. చిన్నప్పుడు ఆ పిల్లగాణ్ణి నేనే చాలాసార్లు.

మాస్టారు సారు కూలి వద్దన్నరు గాని, మా దగ్గర కోసినాయనకు కూలి వేరే, పైన తలకాయనో కాళ్ళో ఆయనకే. అది యాటను తెచ్చే ముందే అందరికీ ఎరుక. దానికి ఆయనను వ్యాపారి అని ఎవరూ అనలే. నువ్వు కూడా సంచులు ముందే కట్టి వరుసగా పెట్టు. నీ సంచి అందరికంటే ఆఖరుకు తీసుకో. తూకం సంగతి ఎవరు అడుగుతరో చూద్దాం.

నిజం చెప్తా:

ఇంత ఆలోచన ఎందుకండీ. మీ ఆయన చెప్పిందే కరెక్ట్. 240 అని చెప్పండి, బయట నాలుగొందలు కాబట్టి ఎగబడి తీసుకుంటారు. ఎవరికీ టెన్షన్ లేదు.

మూడో ఫ్లోర్ వదిన:

మా పనమ్మాయి మా ఫ్లోర్లో నాలుగిళ్ళలో చేస్తుంది. మర దగ్గరికి కూడా నాతో వచ్చింది. ఎంత పడిందో సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. ఆ తర్వాత లిఫ్టులో వాళ్ళ మొహం ఎలా చూడమంటారు?

మాస్టారూ, తమ్ముడి మాట మీరు అన్నాక నాకూ గుచ్చుకుంది. వాడు రెండుసార్లు బండి వేసుకుని వెళ్ళాడు, పెట్రోలు డబ్బు కూడా అడగలేదు. ఇంటికొక మనిషి అన్నది బావుంది కానీ మా దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళున్నారు, ఒకావిడకి ఆస్తమా. ఆవిణ్ణి మిరపకాయల దగ్గర కూర్చోబెట్టలేను. ఆఫీసులో వాళ్ళు ఉప్పల్ నుంచి, ఎల్బీ నగర్ నుంచి రావాలి. "మీ కాయలు మీరే వలుచుకోండి" అంటే మళ్ళీ ఎవరి మర వాళ్ళే పట్టించుకోవాలి. తేజ, బ్యాడిగి కలిపి ఆడిస్తేనే ఆ రంగూ ఘాటూ వచ్చేది.

ఒకటి గమనించాను. మేము బియ్యం కూడా కలిసే తెప్పిస్తాం, మిర్యాలగూడ మిల్లు నుంచి, పది పన్నెండు బస్తాలు. అందులో మూడేళ్ళుగా ఒక్క మాట రాలేదు. 2022 జూలై నుంచి పాతిక కిలోల దాకా ప్యాకెట్లకి 5 శాతం జీఎస్టీ పడుతోంది కాబట్టి అవి 26 కిలోల బస్తాలుగా వస్తాయి. వచ్చింది వచ్చినట్టు ఎవరి బస్తా వాళ్ళు లిఫ్టులో వేసుకుని పోతారు. విప్పేది లేదు, తూచేది లేదు, నా చెయ్యి పడేది లేదు. ఒకసారి కొత్తబియ్యం వచ్చి అన్నం ముద్దయితే మాత్రం అందరం కలిసి మిల్లు వాణ్ణే తిట్టుకున్నాం. గొడవంతా బస్తా విప్పి పంచాల్సిన సరుకుతోనే.

డాలస్ చెల్లి:

అక్కా, నీ పోస్టు చదువుతుంటే మా గరాజ్ గుర్తొచ్చింది. 2007లో అమెరికా మన మామిడిపండ్లని మళ్ళీ రానిచ్చింది కదా. రేడియేషన్ చేయించి విమానంలో పంపాలి కాబట్టి ధర మామూలుగా ఉండదు, మన ఊళ్ళో బుట్ట కొనే డబ్బుకి ఇక్కడ రెండు కాయలు రావు. అయినా ఏప్రిల్ వస్తే బంగినపల్లి కోసం ప్రాణం కొట్టుకుంటుంది. మా కాలనీలో ఇరవై కుటుంబాలం కలిసి ఒకేసారి ఆర్డర్ పెడతాం. బాక్సుకి పది పన్నెండు కాయలు.

మొదటి ఏడాది పెట్టెలు మా ఇంటికే వచ్చాయి. ఎవరికి వాళ్ళు తీసుకెళ్ళారు. రాత్రికి ఫొటోలు మొదలు: "మా దాంట్లో నాలుగు కుళ్ళాయి", "మా దాంట్లో మూడు నల్లబడ్డాయి". అంటే ఆ కుళ్ళు నా గరాజ్‌లో పుట్టినట్టు! రెండో ఏడాది నుంచి పెట్టెలన్నీ అందరి ముందే విప్పుతున్నాం. పాడైనవి పక్కన పెట్టి, బాగున్నవే లెక్కపెట్టి, తక్కువ పడ్డ పెట్టెల్లో వేరే పెట్టెల నుంచి సర్దుతాం. పాడైనవి అందరివీ. అలా అని డబ్బు కట్టకముందే గ్రూపులో రాస్తాం.

కూలి సంగతి: విమానాశ్రయానికి వెళ్ళి తెచ్చేవాళ్ళకి ఒక బాక్సు ఫ్రీ. అదీ ముందే రాస్తాం, ఆ బాక్సు ఖర్చు మిగతావాళ్ళ మీద పడుతుంది. ఒక్కరూ గొణగలేదు. పైగా ఆ ఒక్క బాక్సు కోసం "ఈసారి నేను వెళ్తా, నేను వెళ్తా" అని పోటీ. నా అనుభవంలో జనం కూలి ఇవ్వడానికి బాధపడరక్కా, తర్వాత తెలిస్తే బాధపడతారు.

బెజవాడ పిన్ని:

నేను ఇరవై ఏళ్ళు చీటీలు కట్టాను. రిజిస్టరైన చిట్‌ఫండ్‌లో నడిపేవాళ్ళ కమీషన్ చట్టంలోనే ఉంది: 5 శాతం ఉండేది, 2019లో 7 శాతం దాకా పెంచారు. చీటీ పాడుకున్నవాళ్ళు ఆ డబ్బు పోయిందని ఏడవరు, ఎందుకంటే మొదటి రోజే పుస్తకంలో ఉంటుంది. నీ 15,410కి ఏడు శాతం వేస్తే వెయ్యి రూపాయల పైచిలుకు. నాలుగు మధ్యాహ్నాల మంటకి అది కూడా ఎక్కువ అనేవాళ్ళుంటే వాళ్ళని ప్యాకెట్ కొనుక్కోనీ.

ఆ ఆరు కిలోలావిడ సంగతి మాత్రం ముందు తేల్చు తల్లీ. డబ్బు ముందు పడందే పేరు రాయకు. ఇప్పుడు ఫోన్లోనే వేసేస్తారుగా, "పర్సు ఇంట్లో మర్చిపోయా" అనడానికి లేదు.

మూడో ఫ్లోర్ వదిన:

అందరికీ ధన్యవాదాలు. మూడు రోజులు ఆలోచించి, నిన్న రాత్రి గ్రూపులో పెట్టాను. ఇదీ నేను రాసింది:

"ఈసారి ధర ముందు చెప్పను. కిలోకి 220 చొప్పున అడ్వాన్సు వేయండి. డబ్బు వేసినవాళ్ళ పేరే రాసుకుంటాను. కారం వచ్చాక బిల్లులన్నీ ఫొటో తీసి పెడతాను, వచ్చిన కారంతో భాగించి ఎక్కువ తక్కువలు సర్దుకుందాం. గుంటూరులో మా తమ్ముడి పెట్రోలుకి 300 లెక్కలో వేస్తున్నాను. తొడిమలు తీయడానికి కాయ కిలోకి 15 వేస్తున్నాను. శని, ఆదివారాలు మేడ మీద పని. ఎవరు వచ్చి తీస్తే ఆ డబ్బు వాళ్ళకే. ఎవరూ రాకపోతే నాకూ మా పనమ్మాయికీ. తర్వాత వద్దనుకుంటే మీ వాటా మీరే ఇంకొకరికి ఇచ్చుకోవాలి."

పెట్టేశాక ఫోన్ బోర్లా పెట్టి, కూర తరిగాను. మళ్ళీ తిప్పి చూస్తే అందరూ చదివేశారు, ఒక్కరూ ఏమీ అనలేదు. పావుగంటకి ఎదురింటి అక్క డబ్బు వేసి స్క్రీన్‌షాట్ పెట్టింది. ఆ తర్వాత వరసగా పడ్డాయి. ఆఫీసులో ఒకాయన "ఈ ఏడాది మాకొద్దులెండి" అన్నారు. ఆరు కిలోలావిడ ఇంకా ఏమీ అనలేదు. పోయినేటి జాడీ మాట ఎత్తుదామనుకుని ఆగాను.

తూకం అడిగినావిడ మాత్రం పొద్దున్నే తలుపు కొట్టింది. "నేనూ, మా అమ్మాయీ ఇద్దరం వస్తాం వదినా, దానికి డిగ్రీ సెలవులే. ఇద్దరికీ విడివిడిగా లెక్కేస్తావా?" అంది. వేస్తానన్నాను. "మా ఇంట్లో కాటా ఉంది, అది తెస్తాను" అని కూడా అంది. తెమ్మన్నాను, మంచిదే కదా.

ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది. నలుగురు తీస్తున్నప్పుడు ఎవరెంత తీశారో ఎలా తేల్చడం? తీసిన తొడిమలు తూయాలా, వలిచిన కాయలు తూయాలా? తొడిమలైతే తేలిగ్గా ఉంటాయి, చిన్న కవర్లో పట్టేస్తాయి.

తెనాలి మాస్టారు:

వలిచిన కాయలే తూయండమ్మా. తొడిమలు తూచి డబ్బిస్తే, తొడిమతో పాటు సగం కాయ కూడా తెగి కవర్లోకి పోతుంది. ఎవరి చేట వాళ్ళకి వేరుగా పెట్టండి. తాలు కాయ ఏరకుండా కలిపేస్తున్నారేమో మధ్యమధ్యలో చెయ్యి పెట్టి చూస్తుండండి. మీ తమ్ముడికి పెట్రోలు వేసినందుకు సంతోషం.